నల్లపట్టీ వెనక కె. ఇరుసప్పన్

"పాలకు పోసినావా? నా చైను తీసుకపోయి ఆ అట్టబొమ్మ నెత్తిన పాలకు పోసినావా?"

"లేదే. కప్పుకే. ఎన్ని తూర్లు చెప్పేది? ఇంటి కప్పుకే."

"మరి ఇందులో ఉండాదే! అచ్చేసి ఉండాదే! యూనివర్సిటీలో దీన్ని పెట్టి పాఠం చెప్తా ఉండారంట. వాళ్ళేమన్నా పొద్దుపోక రాసినారా?"

"పొద్దుపోకనే రాసి ఉంటారు."

గేటు గడియ మీద పెట్టిన చెయ్యి అరవిందన్ అక్కడే ఆపేశాడు. లోపల మొగుడూ పెళ్ళాలు కీచులాడుకుంటుంటే గడప తొక్కకూడదన్న మర్యాద అతనికి తెలుసు. అతని వెనక నిలబడ్డ ఇద్దరు ఎం.ఏ. విద్యార్థులకు ఆ మర్యాద సిలబస్‌లో లేదు. ప్రీతిక అప్పుడే ఫోను బయటికి తీసి గోడ మీదికి చాచింది.

"అన్నా, ఇది రికార్డు చేయొచ్చా? మంచి నాచురల్ డేటా."

"లోపల పెట్టు తల్లీ."

"ఒప్పుకోలు సంతకం తర్వాత తీసుకుందాంలే," అన్నాడు జయప్రకాశ్, నోటుబుక్కులో తేదీ వేస్తూ. "గొడవ మళ్ళీ మళ్ళీ రాదు గదా."

ఈ ఇద్దరూ 'జనప్రియ సంస్కృతి' అనే కోర్సు ఎంచుకున్నవాళ్ళు. ఎందుకు ఎంచుకున్నారో అరవిందన్‌కు దారిలోనే చెప్పేశారు. జయప్రకాశ్‌ది విల్లియనూరు, దీనికి బదులు ఎంచుకోగల రెండో కోర్సు పొద్దున ఎనిమిదికి మొదలవుతుంది, ఆ వేళకు వాళ్ళ ఊరి బస్సు అందదు. ప్రీతికకు ఆ గదిలో ఏసీ ఉందని సీనియర్లు చెప్పారు. పైగా పరీక్ష లేదు, ఒక పేపరు రాసిస్తే చాలు. సీట్లు తెరిచిన నాలుగో నిమిషానికి కోర్సు నిండిపోయిందట. అందులో చేరినవాళ్ళలో ఒకడు హీరోల నల్లకళ్ళద్దాల మీద రాస్తున్నాడు, ఒకతె బిర్యానీ వీడియోల మీద, ఇంకొకడు మీమ్స్ మీద. మీమ్స్ రాసేవాడి పేపరులో తొంభై పేజీలు బొమ్మలేనని, పాఠం చెప్పే ప్రొఫెసర్ భక్తవత్సలం దాన్ని ఇంతవరకు చివరిదాకా తిప్పిన పాపాన పోలేదని చెప్పి ఇద్దరూ నవ్వారు.

వీళ్ళిద్దరూ అభిమానుల మీద రాస్తున్నారు. అభిమానుల మీద రాసేవాళ్ళందరూ మురుంగపాక్కంలో ఈ ఇంటికే వస్తారు. ప్రొఫెసరే అరవిందన్ నంబరు ఇచ్చి పంపిస్తాడు. గత మూడేళ్ళలో అరవిందన్ ఇక్కడికి తీసుకొచ్చినవాళ్ళు ఇరవైమందికి తక్కువుండరు. వాళ్ళందరికీ కావలసినవాడు ఒక్కడే: పద్నాలుగేళ్ళ కిందట నలభై ఐదడుగుల హీరో కటౌటు ఎక్కి, దాని నెత్తిన క్యానెడు పాలు గుమ్మరిస్తూ పేపర్లో ఫొటో పడ్డ మనిషి. విద్యార్థుల పేపర్లలో ఆయన పేరు శివలింగం.

అసలు పేరు కె. ఇరుసప్పన్. అసలు సంగతేమిటంటే, ఆ హీరో సినిమా ఆయన ఒక్కటి కూడా పూర్తిగా చూడలేదు. థియేటర్లో కూర్చుంటే ఆయనకు నిద్ర వస్తుంది.

ఇరుసప్పన్‌ది ఏంబలం. తాతల తండ్రుల కాలంలో ఎప్పుడో తెలుగుదేశం నుంచి ఈ తమిళ నేలకు దిగొచ్చి పొలాలు చేసుకున్న కుటుంబం. నలుగురు అన్నదమ్ముల మధ్య పొలం నాలుగు ముక్కలై, ఒక ముక్క మీద ఒకడు కూడా బతకలేని పరిస్థితి వచ్చాక, పదిహేనేళ్ళ వయసులో ఈయన టౌనుకు వచ్చి సారువ కట్టే పనిలో చేరాడు. గోడ లేచేచోట, గోపురానికి రంగు వేసేచోట, చర్చి గంట బాగుచేసేచోట సరుగుడు వాసాలు నిలబెట్టి, అడ్డకొయ్యలు వేసి, కొబ్బరి తాడుతో బిగించి మనిషి నిలబడడానికి తావు చేస్తాడు. పని అయ్యాక ఆ తావును ఊడదీసి పట్టుకుపోతాడు. ఊళ్ళో సగం పెద్ద కట్టడాల నెత్తి ఆయన చూశాడు. బీచి రోడ్డున తెల్ల ఇళ్ళ ముందు ఫొటోలు దిగే జనానికి ఆ సున్నం కొట్టడానికి ఎవడో పైకెక్కి ఉంటాడన్న ఊహ కూడా రాదు. సారువ కట్టేవాడి పని ఎంత బాగా చేస్తే అంత బాగా మాయమైపోతుంది. ముప్పై ఏళ్ళలో ఆయన కట్టిన ఒక్క ముడి జారలేదు. దాని గురించి ఎవడూ పేపరు రాయలేదు.

థానే తుపాను ఊరిని పీకి పందిరేసిన ఆ మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, ఇరుసప్పన్ ఇంటి రేకులు ఎగిరి పక్కవీధిలో పడ్డాయి. ఆయన భార్య తిలకవతి మెడలోంచి తాళి చైను తీసి చేతిలో పెట్టింది. అది కుదవకు పోయింది, రేకులు వచ్చాయి. సరిగ్గా రెండు వారాలకు పొంగల్ రిలీజు. అభిమాన సంఘం వాళ్ళు వచ్చి కటౌటుకు సారువ కట్టమన్నారు. కట్టాడు. రిలీజు రోజు పొద్దున క్యాను నిండా పాలు తెచ్చి, బాణాసంచా కాల్చి, ఒకరినొకరు చూసుకున్నారు. సంఘం కార్యదర్శికి తల తిరుగుతుందట. కోశాధికారికి ఆ రోజే కాలు నొప్పి వచ్చింది. ప్రాణాలిస్తామని బ్యానర్లో రాయించినవాళ్ళు ఒక్కడూ పది అడుగులు దాటి ఎక్కలేదు. చివరికి "అన్నా, నువ్వెట్లాగూ ఎక్కేవాడివే గదా" అన్నారు. ఇరుసప్పన్ భుజాన తాడు వేసుకుని, క్యాను పైకి లాక్కుని, ఒక కాలు వాసానికి మెలేసి, పాలు పోసి దిగాడు. కింద ఎవరో ఫొటో తీశారు.

ఆ ఫొటో తీసినవాడు సారువ చూడలేదు. చూసినా అచ్చులో కోసేశారు. ఆకాశంలో ఒక హీరో, ఒక భక్తుడు, నడుమ పాలు. అంతే మిగిలింది.

మొదట వచ్చిన విద్యార్థులకు ఇరుసప్పన్ ఉన్నదున్నట్టు చెప్పాడు. కూలికి ఎక్కినానన్నాడు. వాళ్ళ మొహాలు వేలాడిపోయాయి. ఎండలో అంత దూరం యూనివర్సిటీ ఉన్న కాలాపట్టు నుంచి బస్సు మారి వచ్చిన పిల్లలు, ఆయనకు జాలేసింది. మూడోసారి నుంచి వాళ్ళ మొహంలో ఆకలి ఏ పక్కకుంటే ఆ పక్కకు రెండు మాటలు పెట్టడం మొదలుపెట్టాడు. "పైనుండి చూస్తే ఏమనిపించింది?" అని అడిగితే, "దేవుడు మాదిరి కనిపించినాడు పాప" అంటాడు. తిలకవతి మజ్జిగ ఇస్తుంది. పిల్లలు సంతోషంగా వెళ్ళిపోతారు. ఒక పిల్లవాడు ఎవరో ఫ్రెంచి పెద్దమనిషి సిద్ధాంతం చెప్పి మీరేమంటారని అడిగితే, "యాడుంటాడు ఆయన, మన ఊరి ఫ్రెంచి కాన్సలేటు పక్కనా? ఆ వీధిలో నాకు ఇద్దరు తెలుసు, సారువ కట్టించుకుని కూలికి నెలరోజులు తిప్పినారు," అన్నాడు. దాన్ని కూడా ఆ పిల్లవాడు 'సిద్ధాంతానికి క్షేత్రస్థాయి ప్రతిఘటన' అని రాసుకుపోయాడు.

ఇంతవరకు తప్పు ఎవరిదీ పెద్దది కాదు. పెద్ద తప్పు అరవిందన్‌ది.

నాలుగేళ్ళ కిందట అతను కూడా అదే కోర్సులో ఉన్నాడు. ఎనిమిదింటి క్లాసుకు బస్సు అందకనే చేరాడు, కాబట్టి జయప్రకాశ్‌ను ఎగతాళి చేసే అర్హత అతనికి లేదు. ఒకే వీధివాడు కదా అని వెళ్ళి ఇరుసప్పన్ ముందు కూర్చున్నాడు. "ఆ రోజుల్లో ఇంట్లో ఎట్లా ఉండింది చిన్నాయనా?" అని అడిగితే ఆయన కప్పు లేచిపోయిన సంగతి, చైను కుదవ పెట్టిన సంగతి, తర్వాత కటౌటు సంగతి వరసగా చెప్పాడు. అరవిందన్ ఇంటికొచ్చి రాయడానికి కూర్చున్నాడు. చైను ఒక పక్క పెట్టాడు, పాలు ఒక పక్క పెట్టాడు, రెంటినీ కలిపేశాడు. తెలియక చేశానని తర్వాత తనకు తాను చెప్పుకోవాలని చూశాడు గాని కుదరలేదు. కప్పు సంగతి నోట్సులో రెండుసార్లు ఉంది. కప్పుకు మార్కులు రావు.

పేపరు పేరు 'కారే పాలు, కరిగే దేహం'. పరిశోధన నీతి ప్రకారం మనిషి పేరు మార్చి శివలింగం అని పెట్టాడు. ఫొటోలో కళ్ళ మీద నల్లపట్టీ వేశాడు. పట్టీ వేశాక దాని కింద ఇలా రాశాడు: 'భార్య తాళి గొలుసును పాలకోసం తాకట్టు పెట్టిన శివలింగం కళ్ళలో దుఃఖం లేదు, తన ఆరాధ్యుడి మొహం మీద నిలిచిన తన్మయత్వం ఉంది.' కనిపించని కళ్ళలో అంత చూసినందుకు భక్తవత్సలం సారు క్లాసులో లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

ఆ తర్వాతి సెమిస్టరుకు హాజరు చాలక అరవిందన్‌ను పరీక్ష రాయనివ్వలేదు. అతనూ బతిమాలలేదు. చదువు వదిలేసి ఫ్లెక్సుల షాపులో చేరి, పుట్టినరోజు బ్యానర్లలో పెద్దమనుషుల మొహాలకు తెలుపు పూస్తున్నాడు. మనిషిని బయటికి పంపిన యూనివర్సిటీ పేపరును మాత్రం ఉంచుకుంది. ప్రతి ఏడూ కొత్త పిల్లలకు 'నమూనా పరిశోధన' అని స్పైరల్ బైండింగులో మొదటి పాఠం అదే. ఈ ఏడు ఆ కొత్త పిల్లల్లో, వీళ్ళిద్దరిది కాని సెక్షనులో, ఇరుసప్పన్ కూతురు కార్తిక కూడా ఉంది.

ఆ సంగతి అరవిందన్‌కు ఇప్పుడు, గేటు దగ్గర నిలబడి లోపలి మాటలు విన్నాక తెలిసింది.

"ఎవురది గేటు కాడ? రాండి, రాండి!" తిలకవతి వాకిట్లోకి వచ్చింది. చేతిలో స్పైరల్ బైండింగు. మెడలో పసుపుతాడు మాత్రమే ఉంది, చైను లేదు. "శివలింగం గారిని చూడను వచ్చినారా? లోపలే ఉండాడు మహానుభావుడు. ఏమయ్యా శివలింగం, నీ కోసం ఆఫీసర్లు వచ్చినారు!"

ప్రీతిక గొంతు సవరించుకుంది. "ఆంటీ, ఇప్పుడు మీకు కలుగుతున్న బాధను ఒక్క మాటలో..."

"ఒక్క మాట చాలదు పాప. మీ యమ్మను పిలుచుకోని రా, ఇద్దరికీ కలిపి చెప్తా."

ప్రీతిక వెనక్కి తగ్గి జయప్రకాశ్ చాటుకు చేరింది. జయప్రకాశ్ నోటుబుక్కు మూశాడు.

లోపల ఇరుసప్పన్ గోడకు ఆనుకుని, బాగోలేని మోకాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన తలపైన క్యాలెండరు మేకు. దానికి తిలకవతి తీసి తగిలించిన చైను వేలాడుతోంది. పద్నాలుగేళ్ళ కిందట కుదవకు పోయి, మూడేళ్ళు అక్కడే ఉండి, ఇరుసప్పన్ రెండు గోపురాలకు సారువ కట్టాక తిరిగొచ్చిన చైను. కార్తిక గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది.

"పాపను తిట్టొద్దు," అన్నాడు ఇరుసప్పన్ ఎవరూ అడక్కుండానే. "క్లాసులో చదవమన్నారు, చదివింది. కళ్ళకు పట్టీ వేస్తే మాత్రం నాయన కాలు తెలియదా? మెలేసిన తీరు చూసి పట్టేసింది. నవ్వతా వచ్చి ఆ ఇంగ్లీషును వాళ్ళమ్మకు తెలుగులో చెప్పింది. చైను మాట వచ్చేదాకా వాళ్ళమ్మ కూడా నవ్వతానే ఉండింది."

"నవ్వినా. నాకు బుద్ధి లేదు, నవ్వినా," అంది తిలకవతి. "తుపాను సాయం వచ్చింది గదా ఆ యేడు. కప్పుకు అది సరిపోయింది. మరి చైను యాడికి పోయిందని అప్పుడే అడిగి ఉండాల."

"సాయం వచ్చింది ఆడి నెలలో. కప్పు పోయింది మార్గళిలో. నడాన ఆరు నెలలు ఆకాశం కింద పండుకుంటిమా?"

"ఏమో. నాకు జ్ఞాపకం లేదు. ఇందులో ఉండేది ఇది." బైండింగును తట్టి చూపించింది. తిలకవతికి తమిళం చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు, ఇంట్లో మాట్లాడే తెలుగుకు లిపి ఉంటుందని తెలుసు గాని ఎప్పుడూ చూడలేదు. అచ్చు అంటే మాత్రం భయభక్తులున్నాయి. "మనిషి నోరు ఈ పొద్దు ఒకటి చెప్తుంది, రేపు ఒకటి చెప్తుంది. ఇంటికి వచ్చే పిల్లోళ్ళకు దేవుడు మాదిరి కనిపించినాడని చెప్పలే? నేను మజ్జిగ ఇస్తా వినలే? అది నిజమైతే ఇదీ నిజమే."

ఎండలో వచ్చిన పిల్లల కోసం పెట్టిన మాటలన్నీ ఇప్పుడు ఇరుసప్పన్ మీదికే తిరిగి వచ్చాయి.

"అమ్మా," అంది కార్తిక మెల్లగా, "రాసినవాళ్ళ పేరు కూడా ఉంది. చదవనా?" ఆమె చూపు తల్లి మీద లేదు, అరవిందన్ మీద ఉంది. చెప్పినవాడి పేరు మార్చాలి గాని రాసినవాడి పేరు మార్చకూడదని పరిశోధన నీతి. మొదటి పేజీలో లావు అక్షరాలతో, ఇనిషియల్‌తో సహా ఉంది.

అరవిందన్‌కు గేటు గుర్తొచ్చింది. గడియ వేయలేదు, ఒక్క తోపు తోస్తే వీధి. అతను ఇంతవరకు వదిలేసిన వాటన్నిటినీ అలాగే వదిలేశాడు: కాలేజీ, రెండు ఉద్యోగాలు, ఒక సంబంధం. అయితే వెనకాల ప్రీతికా జయప్రకాశూ దారికి అడ్డంగా నిలబడి ఉన్నారు.

"నేనే చిన్నమ్మా," అన్నాడు. "నేనే రాసినా. చిన్నాయన కప్పు మాటే చెప్పినాడు. పాలకు నేను తగిలించినా."

జయప్రకాశ్ అలవాటు చొప్పున నోటుబుక్కు తెరవబోయి, కార్తిక చూసిన చూపుకు మళ్ళీ మూసేశాడు.

"నువ్వా?" అంది తిలకవతి. "మా వీధి అరవిందనా?"

"ఆమా చిన్నమ్మా."

"ఎందుకురా?"

"మార్కులకు."

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. తిడుతుందనుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. "వచ్చినాయా?"

"వచ్చినాయి."

"ఆ మార్కులు ఇప్పుడు యాడుండాయి?"

అరవిందన్ ఆమె చేతిలోని బైండింగు వైపు చూశాడు.

"చూడు తమ్ముడూ," అంది తిలకవతి, గొంతు తగ్గించి, "మీ చిన్నాయన మీద జాలితో ఇప్పుడు నువ్వు తప్పు నీ నెత్తిన వేసుకుంటా ఉండావేమో. నాకేం తెలుసు? చదువు మానేసినోడి నోటిమాట ఒక పక్క, యూనివర్సిటీ అచ్చు ఒక పక్క. అచ్చులో పడింది అబద్ధమైతే అచ్చులోనే చూపించమను. ఆ పొద్దు ఈ చైను మెడలో వేసుకుంటా. అంతదాకా అది మేకుకే ఉండనీ." అని లోపలికి పోయింది. కాసేపటికి మజ్జిగ చిలికే చప్పుడు వినిపించింది. ఎంత కోపమొచ్చినా ఎండలో వచ్చినవాళ్ళను ఉత్త కడుపుతో పంపదు.

ప్రీతికా జయప్రకాశూ మజ్జిగ తాగి, ఇంటర్వ్యూ మాటెత్తకుండా వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ ప్రీతిక గేటు దగ్గర ఆగి, "అన్నా, నేను బిర్యానీకి మారిపోతా," అంది.

ఇరుసప్పన్ గోడ పట్టుకుని లేచి, అరవిందన్‌ను పెరట్లోకి తీసుకుపోయాడు. అక్కడ సరుగుడు వాసాలు గోడకు చేరగిలి ఉన్నాయి. మోకాలు పోయాక ఆయన ఎక్కడం మానేశాడు. పెళ్ళిపందిళ్ళకు వాసాలు బాడుగకు ఇస్తాడు, ముడులు కిందనుంచి చూసి సరిచెప్తాడు. ఒక కట్ట మీద కూర్చుని, పక్కన పడున్న తాడుముక్క తీసుకుని వేళ్ళకు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. కోపంగా ఉన్నాడో లేదో ఆ వేళ్ళను చూస్తే తెలియదు.

"నీ మీద కోపం లేదని చెప్పను," అన్నాడు. "ఉండాది. సాయంత్రానికి ఇంకా ఎక్కువవుతుంది. అది పక్కన పెట్టు. పనికొచ్చే మాట చెప్తా."

"చెప్పు చిన్నాయనా."

"పాలు ఒక కొయ్య. చైను ఇంకో కొయ్య. నువ్వు ఆ రెండిటికీ ముడేసినావు. సారువలో అట్లా తప్పు కొయ్యకు ముడి పడితే మేమేం చేస్తామో తెలుసా? మొత్తం పడగొట్టం. ఆ ఒక్క ముడి విప్పి, సరైన కొయ్యకు కడతాం. చైనును కప్పుకు కట్టు."

"యాడ రాసేది? ఆ యూనివర్సిటీ నాది వేసుకోదు ఇంక."

"యాడన్నా రాయి. ఏ భాషలోనన్నా రాయి. అచ్చులో ఉండాల, అంతే. కార్తిక చదివి వినిపిస్తుంది." ఇరుసప్పన్ తాడును గట్టిగా లాగి చూసి, వదిలేశాడు. "శివలింగం వద్దు. మా నాయన పెట్టిన పేరుండాది, ఇనిషియల్‌తో పెట్టు. అభిమాని అని రాయొద్దు, సారువ కట్టేవాడని రాయి. పాలు వాళ్ళవి, ఎక్కింది నేను అని రాయి. వచ్చిన పిల్లోళ్ళకు అబద్ధాలు చెప్పినానని కూడా రాసేసెయ్, అది నిజమే గదా."

"సరే చిన్నాయనా."

"ఇంకొకటి." ఆయన అరవిందన్ వైపు తిరిగాడు. "ఫొటో వేస్తే నా కళ్ళ మీద ఆ నల్లపట్టీ తీసేయ్. నేను ఆ హీరో మొహం చూడలే. కాలి కింద ముడి ఉండాదా లేదా అని చూసుకుంటా ఉండినా. అది రాయి."